దారి అడిగినవాళ్ళంతా ఎటు పోయినట్టు?

ఒరేయ్, ఆ గోడ దగ్గర గుసగుసలు ఆపండి. ముందుకి జరగండి, ఇంకా దగ్గరికి రండి. నా గొంతు పొద్దున్నుంచీ వ్యాను హారనుతో పోటీపడి అలిసిపోయింది, అరిచే ఓపిక లేదు. ఫోన్లు జేబుల్లో పెట్టండి. ఈ కథ వాటి గురించే. వింటే వాటికి పొగరెక్కుతుంది.

మా బావ తాళాలు తీస్తాడు. మా అక్క మొగుడు. తీస్తాడంటే అందరిలా అనుకునేరు. ఆయన తుమ్మితే పక్కింటి బీరువా తెరుచుకుంటుంది. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి దగ్గాడు, అంతే, లోపలున్న మా అమ్మ ట్రంకుపెట్టె మూత దానంతటదే లేచి నిలబడింది. అది చూసే మా అక్క ఆయన్ని చేసుకుంది. ఇప్పుడడిగితే ఒప్పుకోదు.

ఆయన షాపు పాలబూత్ పక్క సందులో ఉంది. ఒక మనిషి, ఒక స్టూలు, తాళంచెవులు అరగదీసే మిషనూ పడితే ఇంక గాలి బయట నిలబడాలి. గోడల నిండా తాళంచెవులే. ఫ్యాను వేస్తే వెయ్యి గజ్జెలు కట్టినట్టు గలగలమంటాయి. ఇంత చెప్పాక మీరు అక్కడికి వెళ్ళినా షాపు మాత్రం కనపడదు. బోర్డు లేదు. ముందర ఒక గోనెపట్టా తెర. ఎందుకంటారా? మా బావకి ఆయన గురువు పని కంటే ముందు భయం నేర్పాడు. ఎవరింట్లో ఏ తాళం ఉందో చెప్పకూడదు. పనిముట్లు ఎక్కడ పెడతావో చెప్పకూడదు. షాపులో ఎప్పుడుంటావో, ఎప్పుడుండవో అసలే చెప్పకూడదు. దొంగ వింటాడు.

అది ఆయన ఒంట్లో ఇంకిపోయింది. చెప్పులేసుకుంటుంటే మా అక్క "ఎక్కడికి?" అంటుంది. "ఇటే" అంటాడు. "ఎప్పుడొస్తావు?" అంటే "వస్తాగా" అంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి దొరికిన వివరాలు అవే.

వెనకటికి ఇబ్బంది లేకపోయింది. వీధిలో ఎవరి తలుపుకి తాళం పడిపోయినా పాలబూత్ ఆయన్ని అడిగేవాళ్ళు, ఆయన గోనెపట్టా వైపు చెయ్యి చూపించేవాడు. ఇప్పుడెవరు ఎవర్ని అడుగుతున్నారు? అందరూ ఫోన్నే అడుగుతున్నారు. ఆ ఫోనుకి మా బావ ఎవరో తెలీదు. షాపులో ఫ్యాను గలగలలు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పోయింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వ్యాను సందు మొదట్లో పెట్టి బావతో కబుర్లాడుతున్నాను. ఒకావిడ వచ్చి మా షాపు మెట్టుమీదే, గోనెపట్టాకి వీపు ఆనించి కూలబడింది. ఇంటి తలుపుకి తాళం పడిపోయిందట, తాళంచెవి లోపలే ఉందట, పొయ్యిమీద పాలున్నాయట. ఇదంతా మాతో కాదు, ఫోన్లో వాళ్ళ చెల్లెలితో చెప్పుకుని ఏడుస్తోంది. తర్వాత ఫోన్లోనే తాళాలవాడి కోసం వెతికింది. వెతికి, మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులతో కొత్తగా తాళాల షాపు పెట్టినవాడికి ఫోన్ చేసింది.

నేను బావ డొక్కలో పొడిచాను. "బావా, వెళ్ళి చెప్పు!"

"అడక్కుండా ఎలా చెబుతానురా? తాళాలవాడు తనంతట తాను వచ్చి మీ తలుపు తీస్తానంటే జనం ఏమనుకుంటారు?"

అద్దాల షాపువాడు మెరిసిపోయే స్కూటరు మీద వచ్చాడు. ఆవిడని తీసుకుని పోయాడు. కాసేపటికి ఒక్కడే తిరిగొచ్చి గోనెపట్టా పైకెత్తి తల లోపల పెట్టాడు.

"అన్నా, ఆ తాళం కదలట్లేదు. నీ దగ్గర సన్న కొక్కెం ఉంటే ఇస్తావా? ఇప్పుడే తెచ్చేస్తా."

మా బావ ఇచ్చాడు! ఇచ్చి, ఎటు తిప్పాలో కూడా చెప్పాడు!

ఈ సంగతి నేనే అక్కకి మోసుకెళ్ళాను. అక్క చేతిలో గరిట నేలకేసి కొట్టింది. "ఇంక నావల్ల కాదు. ఈయనకి పని ఎప్పుడు పోతుందా అని వాళ్ళన్నయ్య కాచుకుని కూర్చున్నాడు."

వాళ్ళన్నయ్య సంగతి చెప్పాలి. ఊరికి అవతలి చివర ఆయనకి అట్టపెట్టెల గోడౌన్ ఉంది. మేమంతా గోడౌన్ పెద్దాయన అంటాం. గొంతు ఎలాంటిదంటే, ఆయన ఇక్కడ దగ్గితే అక్కడ అట్టపెట్టెలు వాటంతటవే మడతలు పడతాయి. చిన్నప్పటినుంచీ మా బావకి చెప్పే మాట ఒక్కటే: "నీకు వ్యాపారం చేతకాదురా, నా దగ్గర వాచ్‌మన్‌గా చేరు." మా అక్కకి ప్రపంచంలో అన్నీ సహించే శక్తి ఉంది గానీ, బావ ఆ యూనిఫాం వేసుకుని, విజిల్ మెళ్ళో వేసుకుని, అన్నగారి కారుకి గేటు తీస్తుంటే చూసే శక్తి మాత్రం లేదు.

"వానలు పడేలోపు షాపు లేవాలి. లేదంటే అద్దె కట్టలేక మూసేస్తాం, ఈయన వెళ్ళి ఆ గేటు దగ్గర నిలబడతాడు" అంది అక్క. అని, కూతురి వైపు చూసింది. "నువ్వు రోజంతా ఆ పళ్ళ డాక్టరు దగ్గర కంప్యూటరు ముందే కూర్చుంటావుగా. మీ నాన్నని ఫోన్లో కనపడేలా చెయ్యి."

నా మేనకోడలు తెలివైన పిల్ల. కోపం వస్తే మాత్రం వాళ్ళ పెదనాన్న గొంతే. ఆదివారం పూట బావ పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"నాన్నా, షాపు ఫోటో ఒకటి కావాలి."

"లోపలిది వద్దు. ఏ మిషను ఎక్కడుందో దొంగ చూస్తాడు."

"సరే, బయటది."

"షట్టరు వేసేసి తియ్యి."

"మూసిన షాపు ఫోటో ఎవరు పెడతారు నాన్నా?"

"తెలివైనవాడు పెడతాడు."

ఆ ఆకుపచ్చ షట్టరు ఫోటోనే పెట్టింది. టైములు అడిగింది. "నేనెప్పుడుంటానో ఊరందరికీ చెప్పమంటావా?" అన్నాడు. ఆ పిల్ల పళ్ళు కొరుక్కుని తనే ఏవో రాసింది. ఫోన్ నంబరు రాసింది. మ్యాపులో వేలితో ఎర్ర గుర్తుని అటూ ఇటూ జరిపి షాపు మీద పెట్టి, "చూడు నాన్నా, ఇలా జరిపితే ఇలా కదులుతుంది, నువ్విక్కడ ఉన్నావని అందరికీ తెలుస్తుంది" అని చూపించింది. మా బావ ఆ గుర్తుని తేలుని చూసినట్టు చూశాడు.

తర్వాత రివ్యూలు. షాపు గురించి జనం మంచి మాటలు రాస్తే ఫోను పైకి తీసుకెళ్ళి చూపిస్తుందట. కానీ బావ దగ్గర పని చేయించుకున్నవాళ్ళెవరు? ఆయన చెప్పడుగా! "మా తాళాల సంగతి బయటికి పొక్కదని నమ్మి వచ్చారు, వాళ్ళని రాయమంటానా?" అని చెవులు మూసుకున్నాడు. ఇక మిగిలింది బంధువులే. మా చిన్నాన్న రాశాడు: "మంచి మనిషి. బరువు తగ్గాలి." నాకు అక్షరాలు రావు కాబట్టి నేను చెబుతుంటే మేనకోడలు టైపు కొట్టింది, ట్రంకుపెట్టె సంగతి మొత్తం చెప్పాను, సగం కోసేసింది. మా అక్క ఐదుకి మూడు స్టార్లిచ్చి, "పనిమంతుడే. చెప్పిన మాట వినడు" అని రాసింది.

"అమ్మా! నువ్వే మూడిస్తే ఎలా?"

"ఇంట్లో ఉన్నదాన్ని నేను. నాకు తెలీదా? రెండే ఇద్దామనుకున్నా."

ఇంతా చేశాక కొన్నాళ్ళకి ఆ పిల్ల గంతులేస్తూ వచ్చింది. "మావయ్యా, మనం పైకొచ్చేశాం! చూడు, ఇంతమంది మన షాపు చూశారు. ఇదిగో, ఇంతమంది మన షాపుకి దారి అడిగారు. అద్దాల షాపువాడి కింద మనమే!"

అందరం సంబరపడ్డాం. అక్క షాపు తుడిచింది. నేను నా వ్యాను సందు మొదట్లో కాకుండా వీధి అవతల పెట్టాను, వచ్చేవాళ్ళకి అడ్డం కాకూడదని. అందరం ఎదురుచూశాం.

ఒక్కడు రాలేదు.

మర్నాడు ఇంకాస్త మంది దారి అడిగారని ఫోను చెప్పింది. షాపులో మాత్రం ఈగ కూడా లేదు. ఉన్న ఒక్క ఈగా పాలబూత్‌కి పోయింది. వారమంతా అదే వరస. పొద్దున్నే మేనకోడలు ఫోన్ చూసి, "ఇవాళ కూడా అడిగారు!" అనడం, సాయంత్రం బావ తెర పైకెత్తి, "ఎవరూ రాలేదు" అనడం.

"దారి అడిగినవాళ్ళు దారిలోనే ఏమైపోతున్నారు?" అని అక్క. నాకైతే మెయిన్ రోడ్డు మీద గుంట మీద అనుమానం. అది ఎంత లోతంటే, కిందటేడు పడిన లారీ డ్రైవరు ఇప్పటికీ అడుగునుంచి దారి అడుగుతున్నాడు. ఒకరోజు వెళ్ళి వంగి చూశాను కూడా. తాళాలు పట్టుకున్నవాళ్ళెవరూ లేరు.

పోనీ ఫోన్లు వస్తున్నాయా అంటే వస్తున్నాయి. ఒకటి, మేమంతా షాపు దగ్గరున్నప్పుడు, నా ఎదురుగానే వచ్చింది. మేనకోడలు స్పీకరు నొక్కింది.

"హలో, తాళాల షాపేనా అండీ?"

"ఎవరు చెప్పారు?" అన్నాడు బావ.

"ఫోన్లో ఉందండీ."

"ఉంటే?"

"మీరిప్పుడు షాపులోనే ఉన్నారా?"

"నేనుంటే నీకేంటి, లేకపోతే నీకేంటి?"

"అది కాదండీ, ఇక్కడ మీ షట్టరు ముందే నిలబడ్డాను, కుక్కలు..."

"నా షట్టరు ముందా? నా షట్టరు ముందు ఎవరూ లేరు. అబద్ధాలాడుతున్నాడంటే దొంగే!" అని టక్కున పెట్టేశాడు.

ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది. ఎంత గట్టిగా కొట్టుకుందంటే జడ ఊడి కిందపడింది. "నాన్నా! ఊరంతా వెతికితే దొరికేలా నేను చేస్తుంటే, దొరికినవాణ్ణి నువ్వు తరిమేస్తావా? నిన్ను ఫోన్లో పెట్టడం కంటే గాలిని సంచిలో పెట్టడం నయం!"

"నేను జాగ్రత్తగా ఉన్నాను" అన్నాడు బావ, పరమ శాంతంగా. ఆ శాంతం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

సరిగ్గా అప్పుడే సందులో పెద్దగా దగ్గు వినపడింది. గోడౌన్ పెద్దాయన. చంకలో ఒక మూట.

"తమ్ముడూ, ఇక నీ నాటకాలు చాలు. నాకు వాచ్‌మన్ అర్జెంటుగా కావాలి. వారం నుంచీ నా గేటు దగ్గర ఎవరెవరో తిరుగుతున్నారు. మొహం ఎరగను. ఒకడు ఇనప్పెట్టె భుజానేసుకొచ్చాడు. ఒకత్తి తాళంచెవుల గుత్తి పట్టుకుని నా తాళం వైపే చూస్తుంది. నిన్నయితే ఒకడు ఏకంగా తలుపు మోసుకొచ్చాడు. తలుపు! గోడౌన్ దోచుకోవడానికి సొంత తలుపు తెచ్చుకునే దొంగని ఎక్కడైనా చూశావా?"

"ఏం కావాలని అడగలేదా బావగారూ?" అంది అక్క.

"అడిగేదేంటమ్మా, నోరు తెరిచేలోపే కుక్కల్ని వదులుతున్నాను. కుక్కలు కూడా అలిసిపోయాయి. మొరగడం మానేసి మూలుగుతున్నాయి." మూట విప్పాడు. యూనిఫాం. విజిల్. "సోమవారం పొద్దున్న వచ్చెయ్. రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా. తర్వాత నా గుమ్మం తొక్కకు."

బావ మా వైపు చూశాడు. ఖాళీ షాపు చూశాడు. ఆకాశంలో మబ్బులు చూశాడు. తలూపాడు. ఇంటికి చేరగానే అక్క వంటింట్లోకెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోందని చప్పుడుని బట్టి తెలుస్తూనే ఉంది.

సోమవారం నా వ్యానులోనే బయల్దేరాం. ముందు సీట్లో బావ, యూనిఫాంలో. చొక్కా చేతులు గోళ్ళ దాకా, ప్యాంటు పాదాల మీదుగా. విజిల్ మెళ్ళో. వెనక అక్కా, మేనకోడలూ. అక్క రానంటూనే ఎక్కింది. దారంతా హారను కొట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

గోడౌన్ గేటు ముందు జనం. సినిమా టికెట్లకి నిలబడ్డట్టు నిలబడ్డారు. ఇనప్పెట్టె మనిషి ఉన్నాడు, గుత్తి ఆవిడ ఉంది, సూట్‌కేసులు, సైకిళ్ళు, చంకలో బీరువా సొరుగులు. అందరి వెనకా తలుపు మోసుకొచ్చినవాడు, తలుపుని గోడకి ఆనించి దాన్నే ఆనుకుని నిలబడ్డాడు. కుక్కలు వాళ్ళ పాదాల దగ్గరే పడుకుని తోకలాడిస్తున్నాయి. రోజూ చూసి చుట్టాలైపోయారు.

పెద్దాయన గేటు లోపలినుంచి అరిచాడు. "తమ్ముడూ! తరుము!"

బావ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి తప్ప చప్పుడు రాలేదు. దగ్గరికెళ్ళి, "పొండి పొండి, ఇక్కడ నిలబడకూడదు" అన్నాడు, పిల్లలకి చాక్లెట్ లేదని చెప్పినట్టు.

ఇనప్పెట్టె మనిషికి మండింది. "ఎందుకు పోవాలయ్యా? వారం నుంచీ తిరుగుతున్నాం. ఫోన్ చేస్తే దొంగా అంటాడు. లోపలికి వస్తే కుక్కల్ని వదులుతారు. తాళం తీయించుకుందామని రావడమే తప్పా?"

"ఏ తాళం? ఇది అట్టపెట్టెల గోడౌన్."

"మాకూ కళ్ళున్నాయి. ఇదిగో, చూసుకో! ఆకుపచ్చ షట్టరు. అదిగో, ఎదురుగా ఆకుపచ్చ షట్టరు!" అని ఫోను బావ మొహం మీద పెట్టాడు.

మేనకోడలు తొంగిచూసింది. మా షాపు ఫోటో. దాని కింద మా అక్క మూడు స్టార్లు. దాని కింద మ్యాపు, మ్యాపులో ఎర్ర గుర్తు. ఆ గుర్తు పాలబూత్ పక్క సందులో లేదు. సరిగ్గా మేం నిలబడ్డ చోటే, పెద్దాయన గోడౌన్ నెత్తిన ఉంది.

"నాన్నా..." అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. నేను రెండడుగులు వెనక్కేశాను. "ఈ గుర్తుని ఎవరు జరిపారు?"

బావ తన పొడుగు చేతుల చొక్కాలోకి చూసుకున్నాడు. "నువ్వేగా ఎలా జరపాలో చూపించావు."

"జరిపి ఇక్కడ పెట్టావా?"

"దొంగ నా షాపు వెతుక్కుంటూ వస్తాడు కదమ్మా. నా దగ్గర కుక్కలున్నాయా? అన్నయ్య దగ్గరున్నాయి. వచ్చేవాడు ఇక్కడికొస్తే అవే చూసుకుంటాయని."

ఆ తర్వాత మేనకోడలు వేసిన కేకకి గోడౌన్లో అట్టపెట్టెలన్నీ మడతలు పడి వరసగా కట్టలయ్యాయి. పెద్దాయన మనుషులకి రెండు రోజుల పని తప్పింది. "దొంగల కోసం పెట్టిన అడ్రసుకి బేరాలన్నీ వస్తున్నాయి నాన్నా! అడిగినవాళ్ళందర్నీ నువ్వే పంపించావు! పెదనాన్న కుక్కల దగ్గరికి! మనిషికి బుద్ధుండాలి! నాకూ ఉండాలి, ఒక్కసారైనా ఫోన్లో మన షాపుకి దారి అడిగి చూడలేదు!"

"మన షాపుకి దారి మనమెందుకు అడుగుతాంలే అమ్మడూ" అన్నాను. నా వైపు చూసింది. ఇంకో రెండడుగులు వెనక్కేశాను.

పెద్దాయన గేటు బయటికొచ్చాడు. మొహం ఎర్రగా కమిలిపోయింది. "అంటే... వీళ్ళు దొంగలు కాదా? నీ బేరాలా? వారం రోజులు నేను నిద్ర మానుకుని కాపలా కాసింది నీ బేరాలకా?"

"ఆయనకి వ్యాపారం చేతకాదన్నారుగా బావగారూ" అంది మా అక్క, వ్యాను దిగుతూ. ఇన్నేళ్ళు దాచుకున్న మాట. "చూసుకోండి, మీ గేటు ముందు ఎంతమందో. మీ అట్టపెట్టెల కోసం ఎప్పుడైనా ఇంతమంది నిలబడ్డారా?"

పెద్దాయన వేలు చాపి జనాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

బావ అప్పటికే ఒక పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. యూనిఫాం చేతులు పైకి మడిచాడు. జేబులోంచి కొక్కేలు తీశాడు. వాచ్‌మన్ పనికి వస్తూ కూడా తెచ్చుకున్నాడు చూడండి! ఇనప్పెట్టె చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, పసిపిల్ల ఏడుపు ఎందుకో కనిపెట్టే తల్లిలాగా. టక్. సూట్‌కేసు, టక్. సైకిలు, టక్. ఒక దశలో ఆయన చెయ్యి ఎంత వేగంగా తిరిగిందంటే, దారిన పోయే బస్సు తలుపులన్నీ తెరుచుకున్నాయి, డ్రైవరు వైపుది కూడా.

పక్కనే నిలబడి మేనకోడలు ఫోను చాపింది. "నాన్నా, నేను జరపను. నీ చేత్తో నువ్వే జరుపు. ఇప్పుడు, నా ఎదురుగా."

బావ వేలు యూనిఫాంకి తుడుచుకున్నాడు. ఎర్ర గుర్తుని పట్టుకుని ఊరు దాటించి, మెయిన్ రోడ్డు దాటించి, పాలబూత్ దాకా తెచ్చి ఆగిపోయాడు. "పాలబూత్ చాలదా? అక్కణ్ణుంచి అడిగి వస్తారు..."

"నాన్నా!"

సందులోకి తోశాడు. అప్పుడే ఫోను మోగింది.

"హలో, తాళాల షాపేనా? ఎక్కడుంటారండీ?"

మేమంతా చుట్టూ మూగాం. పెద్దాయన కూడా. బావ అటు చూశాడు, ఇటు చూశాడు, అక్క మొహం చూశాడు.

"పాలబూత్ పక్క సందు" అన్నాడు. "ఎడమ చేతివైపు. ఆకుపచ్చ షట్టరు. గోనెపట్టా ఉంటుంది... ఉండదు. తీసేస్తున్నాను. మధ్యాన్నం నుంచీ ఉంటాను. చీకటి పడేదాకా ఉంటాను." చెప్పేసి, పరుగెత్తి వచ్చినవాడిలా చెమటలు తుడుచుకున్నాడు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగో స్టారు ఆ సాయంత్రమే ఇచ్చింది. ఐదోది అడక్కండి, ఇంకా ఆలోచిస్తోంది.

పెద్దాయన యూనిఫాం తిరిగిమ్మన్నాడు. విజిల్ మాత్రం బావ ఇవ్వలేదు. లోపల ఏదో ఇరుక్కుందని, విప్పి చూడాలన్నాడు.

జనమంతా వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది తలుపు మోసుకొచ్చినవాడే. బావ ఆ తాళంలో కొక్కెం పెట్టి తిప్పాడు, అదీ వచ్చేసింది. మేనకోడలు ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ, తలుపే ఊడదీశాక ఇల్లు తెరుచుకున్నట్టేగా? మరి తాళం తీయించుకోవడానికి ఇంతదూరం మోసుకొచ్చారెందుకు? చెవి ఎక్కడైనా పోయిందా?"

వాడు తలుపుని నెత్తికెత్తుకుంటూ అన్నాడు కదా:

"పోవడమేంటమ్మా, ఇంట్లో టేబులు మీదే ఉంది. తాళం తీయకుండా లోపలికెళ్ళి ఎలా తెచ్చుకుంటాను?"